ఇటుకబట్టీలో ఏడ్చే దెయ్యం

ఊరవతల మూతబడిన ఇటుకబట్టీలో దెయ్యముందని పశువులన్నీ అటు మేతకెళ్ళడం మానేశాయి. మిట్టమధ్యాహ్నం అక్కడ ఎవరో గొంతు చించుకుని ఏడుస్తారట. సంగతి తేల్చడానికి ఓ సంఘం పుట్టింది. పుట్టించింది నక్క పాపన్న. ఇంకేం, పెద్ద తనే. సభ్యులు గేదె నరసమ్మ, గాడిద కోటయ్య.

"దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అయినా ముందు నువ్వు నడు వదినా, కొమ్ములున్నదానివి," అన్నాడు పాపన్న.

"నమ్మకం లేనోడివి, నువ్వే నడవరాదూ?"

"పెద్ద వెనకే ఉండాలి. అది మన నియమం. ఏది కనబడినా ముందు నాకే చెప్పాలి."

నరసమ్మ అబద్ధమాడి ఎరగదు. సరేనని ముందు నడిచింది. ఇటుక ముక్కల మధ్య అడుగెయ్యబోతుంటే కాలి దగ్గరే ఏడుపు వినబడింది.

"ఆ కాలు కింద పెట్టకు తల్లీ. నా పిల్లలు."

నరసమ్మ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపింది. చూస్తే తీతువు పిట్ట. ఒట్టి నేల మీద గుడ్లు పెట్టి, రెక్కలు చాచి అడ్డం పడుకుంది. ఉన్నది పిడికెడు.

"రోజూ ఏడ్చేది నువ్వా?" అంది నరసమ్మ గుసగుసగా.

"ఏం చెయ్యనమ్మా? చెట్టు మీద గూడు కట్టడం మా ఇంటా వంటా లేదు. ఎవరొచ్చినా అరిచి తరమడమే. రేపో మాపో పిల్లలు బయటికొస్తారు. అంతవరకు మమ్మల్ని వదిలెయ్యి."

కిందటేడు పోయిన దూడ గుర్తొచ్చి నరసమ్మకి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"ఏం కనబడింది వదినా? గుడ్లేమైనా ఉన్నాయా?" పాపన్న వెనక నుంచి లొట్టలేస్తూ అడిగాడు.

దెయ్యాన్ని వెతికేవాడికి గుడ్లతో ఏం పని? ఈ సంఘం ఎందుకు పుట్టిందో నరసమ్మకి అప్పుడర్థమైంది. గుడ్లకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడింది. మొదటి అబద్ధం కదా, గొంతు వణికింది. వణకడమే మంచిదైంది.

"దెయ్యమే పాపన్నా. నా కాలు పట్టుకుంది. మీ పెద్ద ఎవరని అడుగుతోంది."

పిట్ట రెక్కలు టపటపలాడిస్తూ ఒక్క పెట్టున అరిచింది.

"లేడని చెప్పు," అంటూనే పాపన్న పొలాలకడ్డం పడి పరిగెత్తాడు. మళ్ళీ ఆ దిక్కు చూస్తే ఒట్టు.

కోటయ్యకి భయంతో కాళ్ళే కదల్లేదు. "నిన్నొదిలిందా అక్కా?" అన్నాడు.

"లేదురా. పిల్లలు బయటికొచ్చేదాకా వదలదు. నువ్వూ రా, ఇటువైపు ఎండ పడుతోంది."

కోటయ్య వచ్చి తొంగిచూశాడు. గుడ్ల మీద నీడ పడేలా ఎండకి అడ్డంగా నిలబడ్డాడు.

నీతి: నిజం కనిపెట్టడం ఒక ఎత్తు, దాన్ని ఎవరికి చెప్పకూడదో తెలియడం ఒక ఎత్తు.