కొంగు చాటు ముఖం

నూకరత్నం కష్టమల్లా ఒక్కటే. ఫోటో అంత బాగా వచ్చినా మాస్టారు ఒక్క మాట మెచ్చుకోవడం లేదు.

ఎర్ర బల్బు కింద, ట్రేలో మందునీళ్ళ అడుగునుంచి ఆ ముఖం మెల్లగా తేలి వస్తుంటే ఆమెకి ఒళ్ళు జలదరించింది. ముందు కనుబొమలు, తర్వాత ముక్కుపుడక, ఆ తర్వాత పెదవులు.

యాకూబ్ మాస్టారి స్టూడియో గోదావరి గట్టు వెనక సందులో ఉండేది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. అయినా ఆ మలుపు తిరిగితే నూకరత్నానికి ఇప్పటికీ ఫోటోలు కడిగే హైపో మందు వాసనే వస్తుంది. పదహారేళ్ళప్పుడు నెగటివుల మీద పెన్సిలు దిద్దే పనికి చేరింది అక్కడ. పెళ్ళికూతుళ్ళ బుగ్గల మీద స్ఫోటకం మచ్చలు మాయం చేసేది. ఒకరు చెప్పింది లేదు, ఒకరు నేర్పింది లేదు, చూసి చూసి కెమెరా పట్టేసింది. ఒకరోజు మాస్టారే తన పాత కెమెరా తీసి ఆమె మెడలో వేసి, "పో, కాస్త ఎండలో తిరుగు" అన్నారు.

అలా తిరిగి తిరిగి 'ములుగర్ర'లో తేలింది. సాయంత్రం పూట వచ్చే నాలుగు పేజీల పేపరు అది. కొంటామని ఊళ్ళో ఎవరూ ఒప్పుకునేవారు కాదు. అయినా ఐదయ్యేసరికి బస్టాండులో ఒక్క కాపీ మిగిలేది కాదు.

ఆ ఉదయం పోలీసులు ఒక లాడ్జీ మీద పడి ఐదుగురు ఆడవాళ్ళని స్టేషనుకి తెచ్చారు. అలాంటప్పుడు ముందు కబురు పేపర్లవాళ్ళకే వెళ్ళేది. ఆడవాళ్ళని వరండాలో వరసగా నిలబెట్టేవారు. ఫోటోగ్రాఫర్లు ఎదురుగా నిలబడేవారు. వాళ్ళేమో కొంగులు ముఖాల మీదికి లాక్కుని గోడవైపు తిరిగిపోయేవారు. చివరికి పేపర్లో కొంగులే పడేవి. ముఖం దొరికిందా, మొదటి పేజీయే.

"ముఖం తెస్తే కింద నీ పేరు వేస్తానమ్మాయ్" అని ఎడిటర్ చలమయ్యగారు మాటిచ్చి ఉన్నారు. ములుగర్రలో అప్పటిదాకా ఏ ఫోటో కిందా ఎవరి పేరూ పడలేదు.

"ఇంకెవరికీ దొరకలేదు మాస్టారూ," అంది నూకరత్నం, తడి ప్రింటుని తీగకి తగిలిస్తూ. "నలుగురు మగాళ్ళు గంటసేపు పడిగాపులు పడ్డారు. ఒక్కడికైనా కొంగు తప్పితే ఏం పడలేదు."

"మరి నీకెలా దొరికింది?"

"పక్కగా వెళ్ళి 'అక్కా' అన్నాను. అంతే! తనవాళ్ళెవరో అనుకుందేమో, చటుక్కున కొంగు దింపి చూసింది. నొక్కేశాను."

చెప్పి నవ్వింది. మాస్టారు నవ్వలేదు. కోప్పడనూ లేదు. కళ్ళద్దాలు లుంగీ అంచుతో తుడుచుకుని ఫోటో దగ్గరికి వచ్చారు. ఫోటోలో ఆవిడకి ముప్ఫై ఐదేళ్ళుంటాయేమో. భయపడుతున్న ముఖం కాదది. ఎవరో తన కోసం వచ్చారనుకున్న ముఖం.

"వెలుతురు బాగా పడింది," అన్నారు. "ఆరనీ."

ఆ మాత్రానికే నూకరత్నం పొంగిపోయింది.

ప్రింటు ఆరాక మాస్టారు దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, పక్కన పెన్సిలు పెట్టారు. ఆ గదికి ఒక పద్ధతి ఉండేది. కలెక్టరుగారిదైనా, చంటిపిల్ల బోసినవ్వయినా, వెనకాల మనిషి పేరు రాయందే ఫోటో గడప దాటకూడదు.

"ఆవిడ పేరెవరికి తెలుసు మాస్టారూ! పోలీసులకి లక్ష్మి అని చెప్పిందట. పక్కావిడా లక్ష్మే. ఆ పక్కావిడా లక్ష్మే!"

"నువ్వేమని పిలిచావు?"

నూకరత్నం బోర్లా ఉన్న ప్రింటు అంచు సవరించింది.

"పిలిస్తే పలికింది కదా బేటీ. పలికిన పేరే రాయి."

పెన్సిలు తీసుకుంది. ఆరేళ్ళుగా వెంట్రుకంత గీతలు దిద్దిన చేత్తో రెండక్షరాలు రాసింది. మాస్టారు అవి చదవలేదు. "ఒంటిగంటన్నర అయింది. చలమయ్య కాసుకుని ఉంటాడు, పో" అని చెప్పులేసుకుని టీకి వెళ్ళిపోయారు.

ప్రింటునీ, నెగటివు ముక్కనీ ఒక కవర్లో పెట్టుకుంది. ప్రెస్సుకి వెళ్ళేలోగా మనసులో ఒక అబద్ధం సిద్ధం చేసుకుంది. రీలు పాడైందని చెప్పాలని. చలమయ్యగారు మొదటి పేజీలో జానెడు చోటు ఖాళీగా ఉంచి, దాని ముందు కూర్చుని ఉన్నారు.

"ముఖం వచ్చిందా?"

"రీలు..." అనబోయి ఆగిపోయింది. "వచ్చిందండి. ఇవ్వను."

"ఇవ్వవా? ఏం, మీ చుట్టమా?"

నూకరత్నం కవరుని వెనక్కి లాక్కుంది.

"అయితే రేపట్నుంచి ఇటు రాకు! పెళ్ళికూతుళ్ళ మచ్చలు దిద్దుకో, పో!" అని ఆయన అరుస్తుంటే, అచ్చులు కూర్చేవాళ్ళు కూడా పని ఆపి చూశారు. ఆమె కవరుని గుండెకి అదుముకుని బయటికొచ్చింది.

స్టూడియోకి వెళ్ళలేదు. పోలీసులు ఆ ఆడవాళ్ళని తీసుకెళ్ళిన కోర్టుకి వెళ్ళింది.

నాలుగింటికి ఆడవాళ్ళని వదిలేశారు. మెట్లు దిగుతూ ఫోటోలోని ఆవిడ నూకరత్నాన్ని గుర్తుపట్టింది. గబుక్కున కొంగు ముఖం మీదికి లాక్కుంది. నూకరత్నం కెమెరా చూపించలేదు, పిలవలేదు. ఎదురుగా వెళ్ళి కవరు అందించింది.

ఆమె కొంగు చాటునే ఫోటో బయటికి తీసి చూసుకుంది. వెనక్కి తిప్పింది. అక్షరాలు రావేమో, మళ్ళీ ముందుకి తిప్పేసింది. చాలాసేపు చూసింది.

"నేనేనా?"

"ఇంకెక్కడా లేదండీ. ఇదొక్కటే తీశాను. నెగటివు ముక్క కూడా అందులోనే ఉంది. చింపేయండి."

"నా పెళ్ళప్పుడు కూడా ఇంత బాగా పడలేదే," అంది ఆమె. బస్సు హారను వినిపిస్తే అటు చూసి, ఫోటోని జాగ్రత్తగా కవర్లో పెట్టి, తిరిగి నూకరత్నం చేతిలోనే పెట్టింది. "నాకు దాచుకునే చోటు లేదమ్మాయ్. నీ దగ్గర ఉంచు. ఎవరికీ చూపించకు."

నూకరత్నం స్టూడియోకి వచ్చేసరికి మాస్టారు పాస్‌పోర్టు సైజు ఫోటోలు కత్తిరిస్తున్నారు. బల్ల మీద ఆ సాయంత్రపు ములుగర్ర ఉంది. మొదటి పేజీలో ఆ జానెడు చోట సేమ్యా ప్రకటన పడింది.

"సేమ్యాలు బాగా వచ్చాయి," అన్నారు మాస్టారు. "ఫోటో ఏదీ?"

"ఆవిడకి ఇచ్చేశాను మాస్టారూ. మళ్ళీ నాకే ఇచ్చింది. ఉంచుకోమంది."

మాస్టారు కత్తెర ఆపారు. కవరు కోసం చెయ్యి చాపలేదు.

"అయితే ఇక అది లాక్కున్న ముఖం కాదు. నువ్వు తీసిన ఫోటో."