ఎర్ర సిరా తాకని మబ్బు

ఒకానొక సంస్థానంలో, గోనుపాడు అనుకుందాం, ప్రతాపభూపతి అనే రాజుగారు ఉండేవారు. ఆయన పెట్టించిన కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పేవాడు వెలిదె సోమనాథం. తరగతిలో దొరల పద్యాలు చెప్పేవాడు. సెలవు రోజున పొలం గట్టు మీద కూర్చుని, నాట్లు వేసే ఆడవాళ్ళ పాటలు రాసుకునేవాడు. రెండిటినీ పక్కపక్కన పెట్టి ఒక గ్రంథం రాస్తున్నాడు, పిచ్చి మారాజు!

రాజుగారికి ఇదంతా ఒళ్ళుమంట. ఒకరోజు పిలిపించారు.

“ఎక్కడో మంచుదేశంలో ఎవడో పిట్టను చూసి పద్యం కడితే మన చెరువు నిండుతుందా పంతులూ? లేనిది ఉన్నట్టు చెప్పడమేగా కవిత్వం! దసరా దాటగానే మీ తరగతి మూసేస్తున్నాం. ఈలోగా దివాణం కాగితాలన్నీ మీరే దిద్దండి. కవిత్వం కనిపిస్తే కొట్టేయండి. ఉన్నదే ఉండాలి.”

తరగతి పోతే సోమనాథం గ్రంథమూ ఆగిపోయినట్టే. పదకొండేళ్ళ పని మరి! అయినా “చిత్తం” అని, పరీక్ష పేపర్లు దిద్దే ఎర్ర సిరా బుడ్డి తీసుకుని దివాణంలో కూర్చున్నాడు.

దసరా దర్బారు నాడు చుట్టుపక్కల జమీందారులంతా వచ్చారు. రాజుగారు అడుగుపెట్టగానే బిరుదులు చదవడం ఆనవాయితీ. ఆ కాగితమూ దివాణానిదే గనుక దాన్నీ దిద్దేశాడు మన పంతులు. బిరుదులు చదివే భట్టు కొండలరాజు ఆ కాగితం చూస్తూ అందుకున్నాడు.

“వస్తున్నారు... రాజుగారు. వయసు యాభై నాలుగు. కుడి మోకాలు నొప్పి. మామిడి తాండ్ర అంటే ఇష్టం.”

జమీందారులు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజుగారి ముఖం కందగడ్డ అయింది.

“నా శత్రుగజ సింహం ఏదయ్యా?”

“కొట్టేశాను ప్రభూ,” అన్నాడు పక్కనే నిలబడ్డ సోమనాథం. “తమకు తోక లేదు.”

“సూర్యతేజుడు?”

“సూర్యుడు ఆకాశంలోనే ఉన్నాడు ప్రభూ. బయటికెళ్ళి చూసే కొట్టేశాను.”

“అయితే నాకు మిగిలింది మోకాలి నొప్పేనా!”

సోమనాథం చేతులు కట్టుకున్నాడు. “ఇంకొక్కటి ఉంది మహారాజా. పోయిన కరువులో తమరు గాదెలు తెరిపించారు. అప్పటినుంచి నాట్లు వేసే ఆడవాళ్ళు తమరి మీద ఒక పాట పాడుకుంటున్నారు. నా గ్రంథంలో రాసుకున్న ఆ పాటలో తమరిని వానమబ్బు అన్నారు. తమరు మబ్బు కాదు, ఆజ్ఞ ప్రకారం అదీ కొట్టేయాలి. కలం సిరాలో ముంచాను గాని చెయ్యి ఆడలేదు. ఇప్పుడు కొట్టేయమంటారా?”

ఆ పాట సంగతి రాజుగారికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

“ముట్టుకున్నావంటే ఊరుకోను! తరగతి నడుపు. గ్రంథం అచ్చు వేయించే పూచీ నాది” అంటూ తన భుజం మీది శాలువా తీసి సోమనాథానికి కప్పారు.

కొండలరాజు మెల్లగా అడిగాడు. “మరి సింహాన్నీ సూర్యుణ్ణీ తిరిగి రాసుకోనా ప్రభూ?”

“వద్దులే,” అన్నారు రాజుగారు, “మబ్బు ఒక్కటి చదువు, చాలు.”