చప్పట్లకు మురిసిన తిమింగలం

అనగనగా, ఒడ్డు కనిపించీ కనిపించనంత దూరంలో, సముద్రంలో ఒక తల్లి తిమింగలం ఉండేది. పేరు గంభీర. పేరుకే గంభీరం. ఎవరైనా పొగిడితే చాలు, ఒళ్ళు మరిచిపోయేది.

దానికి మువ్వ అని ఒక పాలు తాగే పిల్ల. గంభీర రోజంతా లోతుకు మునిగి సన్నరొయ్యలు మింగేది. అలా కడుపు నిండితేనే దానికి పాలు పడేవి. మునిగినప్పుడల్లా "ఊఁ" అని పిలిచేది. పైనున్న మువ్వ "ఊఁ" అని పలికేది. లోతు నీళ్ళంటే చీకటి కదా పిల్లలూ! అక్కడ తల్లీబిడ్డా ఒకరినొకరు చూసుకునేది చెవులతోనే.

ఒకరోజు పొద్దున్నే ఒక ఇంజను పడవ వచ్చింది. దాని నిండా మనుషులు. అప్పుడే గంభీర గాలి పీల్చుకోవడానికి పైకొచ్చి తోక విసిరింది. అంతే! పడవంతా కేకలు, ఈలలు, చప్పట్లు.

పడవ నడిపే సరంగు కొర్లయ్య మీసం దువ్వాడు.

"సూశారా! ఇది నా మాటే ఇంటాది. నాను ఎగరమంటే ఎగురుతాది!" అన్నాడు.

తిమింగలానికి తలెక్కడో తోకెక్కడో అతనికి తెలిసింది ఆ పూటే.

పక్కన ఈదుతున్న ముసలి తాబేలు డిప్పమ్మ ఇదంతా చూసింది.

"ఓసే గంభీరా! ఆ చప్పుడుకి నా డిప్పే అదిరిపోతోంది. పసిదాని చెవులేం కావాలి? దాన్ని తీసుకుని రాళ్ళదిబ్బ అవతలికి పో. అక్కడా రొయ్యలున్నాయి. పడవలు మాత్రం రావు," అంది.

"నీకు కుళ్ళు పిన్నీ," అంది గంభీర. "నువ్విన్నేళ్ళు ఈదావు. నిన్ను చూసి ఒక్కడైనా చెయ్యి ఊపాడా? నా కోసం ఇంత దూరం వస్తున్నారు. నేను వెళ్ళిపోతే వాళ్ళ మనసు ఎంత నొచ్చుకుంటుంది!"

"వాళ్ళ మనసు వాళ్ళు చూసుకుంటారు. నీ బిడ్డ కడుపు నువ్వు చూసుకో," అంది డిప్పమ్మ.

గంభీర వినలేదు. మర్నాడు మూడు పడవలు వచ్చాయి. వారం తిరిగేసరికి ఏడు. ముందొకటి, వెనకొకటి, పక్కల నుంచి మిగతావి. సముద్రం సంతలా తయారైంది. వచ్చిన మహానుభావులు ఏం చేశారో తెలుసా? ఇంత దూరం వచ్చి, తిమింగలానికి వీపు తిప్పి, తమ మొహాలకే ఫోటోలు తీసుకున్నారు. ఆ వీపుల కోసం గంభీర ఎగిరింది, దూకింది, పల్టీలు కొట్టింది.

రొయ్యల కోసం మునగబోయేది. పైన ఇంజను చప్పుడు వినిపించేది. "అయ్యో, నా వాళ్ళొచ్చారు!" అంటూ సగం గుక్కతోనే పైకొచ్చేసేది.

"అమ్మా, ఆకలి," అంది మువ్వ.

"ఉండవే, ఈ పడవ వెళ్ళనీ."

ఆ పడవ వెళ్ళింది. ఇంకొకటి వచ్చింది.

"అమ్మా, పాలు రావడం లేదు."

"ఒక్క గంతేసి వస్తాను, ఉండు."

మూడోసారి మువ్వ ఏదో అంది. ఏడు ఇంజన్ల మోతలో గంభీరకు అది వినపడలేదు. వినాలని అనుకోనూ లేదు.

తిండి లేకుండా ఎన్నాళ్ళు ఎగురుతుంది? ఒకరోజు గంభీరకు తోక ఎత్తే సత్తువ కూడా లేకపోయింది. నీళ్ళ మీద అలా తేలుతూ ఉండిపోయింది.

"ఇదేంటండీ, దుంగలా పడుంది!" అని పడవలో ఒకావిడ మూతి విరిచింది.

"దీని పనైపోనాదండి," అన్నాడు కొర్లయ్య. "అటుపక్క డాల్ఫిన్లున్నాయి. అవి బాగా ఎగురుతాయి. పదండి!"

ఏడు పడవలూ ఒక్కసారిగా మళ్ళాయి. డీజిలు వాసన తప్ప ఏమీ మిగల్లేదు. ఒక్కడు కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

సముద్రం నిశ్శబ్దమైంది. గంభీర "ఊఁ" అని పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. జవాబు లేదు. మూడోసారి గొంతు చించుకుని పిలిచింది. అలల చప్పుడే తప్ప ఇంకేమీ లేదు.

డిప్పమ్మ వచ్చి దాన్ని రాళ్ళదిబ్బ అవతలికి తీసుకెళ్ళింది. పడవలకు భయపడి పారిపోయి వచ్చిన మువ్వ అక్కడ ఒక బండ నీడలో నక్కి ఉంది. చిక్కి సగమైంది. వీపు మీద, పడవ కింద తిరిగే ఇంజను రెక్క కోసిన ఎర్రటి గాటు.

"ఎన్నిసార్లు పిలిచానే! ఎందుకు పలకలేదు?" అని గంభీర ఏడ్చింది.

"ముందు నేనే పిలిచానమ్మా, చాలాసార్లు. నీకు వినపడలేదు. అందుకే పిలవడం, పలకడం మానేశాను," అంది మువ్వ.

గంభీర బిడ్డను ఒంటికి ఆనించుకుంది. ఆ రోజు నుంచి అది దిబ్బ అవతలే ఉండిపోయింది. లోతుకు మునిగి కడుపునిండా తింది. మెల్లగా పాలు పడ్డాయి. మువ్వ వీపు మీద గాటు మానింది.

చాలా రోజులకు, దూరాన ఒక ఇంజను చప్పుడు వినిపించింది. గంభీర తోక దానంతటదే పైకి లేవబోయింది. పక్కనే మువ్వ గజగజ వణికింది. అది చూసి గంభీర సిగ్గుతో తోక దించుకుంది. బిడ్డను పొట్ట కిందకి తీసుకుని, ఇంకా లోపలి సముద్రానికి ఈదుకుంటూ వెళ్ళిపోయింది.

నీతి: వేడుక చూడ్డానికి వచ్చినవాళ్ళ చప్పట్లకు మురిసి కన్నబిడ్డ నోరు కొట్టకూడదు, ఇంకొకరి బతుకును మన వేడుకగా చేసుకోకూడదు.