పాకే పిల్లలు గడప దగ్గర వెనక్కి ఎందుకు చూస్తారు

ఒకప్పుడు మనుషుల పిల్లలు కూడా లేగదూడల్లా పుట్టిన రోజునే లేచి నడిచేవారు. వినడానికి బాగానే ఉంది కదూ? ఆ బాగేమిటో ఆ కాలపు అమ్మల్ని అడగాలి. తల్లి మంచం దిగేలోపే బిడ్డ వీధిలో ఉండేది. అమ్మ ఎవరో, ఇల్లేదో తెలిస్తేగా ఆగడానికి!

అలాంటి పిల్లలంటే గాలికి మహా సరదా. ఎండుటాకులు గలగలలాడించి రమ్మని పిలిచేది. పిల్లలు నవ్వుకుంటూ ఆ చప్పుడు వెంట పోయేవారు. గాలి చెడ్డదేం కాదు, దానికి మతిమరుపెక్కువ, అంతే. కొండ దాటాక ఏ పూలచెట్టో కనబడితే చాలు, వెంట వచ్చినవాళ్ళ సంగతే మరిచిపోయేది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఇక్కడ తల్లులు కొండంతా గాలించేవారు. కొందరు పిల్లలు దొరికేవారు. కొందరు ఎక్కడో ఏ అమ్మ చేతికో చిక్కి, అక్కడే పెరిగేవారు.

ఆ కొండ కింద నూకాలు అనే ఆమె ఉండేది. ఆమె మొదటి కూతురు అలాగే వెళ్ళిపోయింది, మళ్ళీ కనబడలేదు. ఇప్పుడు నూకాలుకు మళ్ళీ నెలలు నిండాయి. సంతోషించాల్సిన మనిషి దిగులుతో చిక్కిపోతోంది. ఒకరోజు ఇల్లు అలుకుతూ అలుకుతూ ఆ తడినేల మీదే చతికిలబడి ఏడ్చింది.

"నేలతల్లీ, ఈ బిడ్డనైనా నా దగ్గర ఉంచమ్మా. ఇంకో కడుపుకోత నేను పడలేను," అంది.

నేల జాలిపడింది. బిడ్డ బలమంతా తన దగ్గర దాచి, కొంచెం కొంచెంగా తిరిగిస్తానంది. అయితే ఒక పద్ధతి ఉంది. బలం ఇవ్వబోయే ప్రతిసారీ నేల ముందుగా చెబుతుంది. నూకాలు ఏదైనా తియ్యగా వండి, నేలకింత పెట్టి, ఇరుగుపొరుగుకు పంచాలి. అప్పుడే ఇస్తుంది. నూకాలు సరేనంది.

కొడుకు పుట్టాడు. దాలయ్య అని పేరు పెట్టారు. పడుకోబెట్టినచోటే పడుకుని ఉండేవాడు. వాడు బోర్లా పడబోయేముందు నూకాలు బొబ్బట్లు పంచింది. కూర్చునే ముందు కుడుములు పంచింది. కూర్చోవడం వచ్చాక మన దొరగారికి ఒకటే పని. గరిటె కింద పడెయ్యడం, అది ఎటు పోయిందా అని వంగి చూడడం. నూకాలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని తీస్తే పకపకా నవ్వేవాడు. పక్కింటావిడ ఎత్తుకోబోతే మాత్రం పెదవి విరిచి, అమ్మ మెడ పట్టుకుని ఏడుపు లంకించుకునేవాడు. నేనేమైనా దొంగనా అని ఆవిడ నవ్వేది.

కొన్నాళ్ళకు నేల, పాకే బలం ఇస్తాను, పాకుండలు వండమంది. నూకాలుకు మొదటి కూతురు గుర్తొచ్చింది. పాకితే గడప దాటుతాడు. గడప దాటితే అక్కడ గాలి ఉంది. అందుకని బెల్లం అయిపోయిందంది. మళ్ళీ అడిగితే, నానబెట్టిన బియ్యం పులిసిపోయాయంది. ఆ తర్వాత రోలు ఖాళీ లేదంది. సాకులకేం కరువు!

పాపం, దాలయ్య నేలకు అంటుకుపోయి ఉండేవాడు. గరిటె కోసం కాళ్ళు తన్నుకునేవాడు. ముందుకు పోవాలని చూస్తే వెనక్కి జారేవాడు. కోపంతో కేకలు పెట్టేవాడు. ఒకరోజు గరిటె కాస్త దూరంగా దొర్లిపోయింది. వాడు చెయ్యి కూడా చాపలేదు. చెంప నేలకానించి ఊరికే పడుకున్నాడు.

అది చూసి నూకాలుకు భయం పట్టుకుంది. గాలి భయం కంటే పెద్ద భయం.

"నూకాలూ, పట్టుకోమన్నావు, పట్టుకున్నాను," అంది నేల మెల్లగా. "ఇంకా పట్టుకుంటే వీడు నా మీది రాయి అవుతాడు. నీ కొడుకు అవడు."

"మరి గాలి పిలిస్తే?"

"పిలుస్తుంది. నువ్వు పరిగెత్తకు, అరవకు. నీ మొహం వాడికి కనబడేలా కూర్చో."

నూకాలు వెంటనే బియ్యం నానబోసింది. తడిపిండి దంచి, పాకం పట్టి, పాకుండలు వేయించింది. మొదటిది నేల మీద పెట్టి, మిగతావి ఇంటింటికీ పంచి వచ్చి కూర్చుంది. దాలయ్య మోకాళ్ళ మీద లేచాడు. ఊగాడు. ఒక చెయ్యి ముందుకు వేశాడు.

ఆ కబురు గాలికి ఎవరు చేరవేశారో కానీ, క్షణంలో వాకిట్లో ఆకులు గలగలమన్నాయి. వాడు అటే పాకాడు. గడప మీద చెయ్యి వేశాడు. నూకాలు లేచి ఉరకబోయి, రెండు చేతులతో నేలను గట్టిగా పట్టుకుని కూర్చుండిపోయింది.

వాడు ఆగాడు. తల తిప్పి అమ్మ మొహం చూశాడు.

నూకాలు కళ్ళ నిండా నీళ్ళు. అయినా నవ్వింది. ఆ నవ్వు చూసి దాలయ్య గడప దాటాడు, ఒక ఆకు పట్టుకున్నాడు, మళ్ళీ గడప దాటి వచ్చి దాన్ని అమ్మ ఒళ్ళో పెట్టాడు.

"నేను పిలిస్తే వెనక్కి చూసినవాడు ఇంతవరకూ లేడు," అంది గాలి, ఆశ్చర్యపోయి. సిగ్గుపడి, ఆకులు వదిలేసి వెళ్ళిపోయింది.

నడిచే బలం వచ్చే వేళకు నూకాలు సాకులు చెప్పలేదు సరికదా, నేల అడక్కముందే అరిసెలకు బియ్యం నానబోసి కూర్చుంది. దాలయ్య అరిసెల మీద తొలి అడుగులు వేస్తుంటే ఊరి తల్లులంతా చూశారు. తమ పిల్లల్నీ అలాగే పట్టుకోమని నేలను వేడుకున్నారు.

అప్పటినుంచే మనుషుల పిల్లలు పుట్టగానే నడవరు. కొంచెం కొంచెంగా బలం తెచ్చుకుంటూ, అమ్మ మొహం నేర్చుకుంటూ నేల మీదే పెరుగుతారు. పాకే పిల్ల గడప దాకా హుషారుగా పోయి, ఆగి, వెనక్కి తిరిగి చూస్తుంది. అమ్మ నవ్వితే గడప దాటుతుంది.