పది సెకన్లు ఆగలేని ఓబులేసు

ధర్మవరంలో ఒక అంగడిలో చీరల అంచులకు డిజైన్లు గీసే ఓబులేసుకు పనితనం కొండంత ఉండేది గానీ, ఓపిక ఆవగింజంత కూడా ఉండేది కాదు. అన్నం వడ్డించేలోపే చెయ్యి కడిగేసేవాడు. ఎదుటివాళ్లు తుమ్మబోతే వాళ్ల బదులు తనే తుమ్మేసేవాడు.

అదే అంగడిలో చౌడమ్మ అనే పెద్దామె కూడా డిజైన్లు గీసేది. ఇద్దరికీ కంప్యూటరు ఒక్కటే. ఆమె ఇరవై ఏళ్లుగా గీసిన అంచులన్నీ అందులోని పాత విండోస్‌లో ఉండేవి. ఆమె గీసిన నెమళ్లను లెక్కపెట్టాలంటే ఒక జన్మ చాలదు. ఓబులేసు తన పనికోసం దాని పక్కనే లినక్స్ అనే ఇంకో సిస్టమ్ వేయించుకున్నాడు. ఆన్ చేయగానే కంప్యూటరు రెండింటిలో ఏది తెరవాలని అడిగి, పది సెకన్లు చూసేది. ఆ పది సెకన్లు ఓబులేసుకు పది యుగాలు.

ఒకరోజు రిపేరు చేసే మస్తాన్‌ను పిలిపించి, ఏమీ అడగకుండా నేరుగా తనదే తెరుచుకునేలా చేయమన్నాడు. మరి చౌడమ్మక్క సంగతేమిటని మస్తాన్ అడిగాడు. ఆమె కూతురి కాన్పుకని హిందూపురం పోయిందనీ, వచ్చాక చూసుకోవచ్చనీ ఓబులేసు తేల్చేశాడు.

మస్తాన్ అతను చెప్పినట్టే చేసి, వెళ్తూ అన్నాడు. "పాతది కావాలంటే నన్ను పిలువన్నా. నువ్వు మాత్రం చెయ్యి పెట్టొద్దు."

పన్నెండో రోజు నేతగాడు సుంకన్న పరుగున వచ్చాడు. ముప్పై ఏళ్లు ఊరందరి పెళ్లిళ్లకూ నేసినవాడు, మొదటిసారి తన కూతురి పెళ్లికి చీర నేస్తున్నాడు. మగ్గానికి డిజైను చెప్పే అట్టలను ఎలుకలు కొరికేశాయట. చీర సగంలో ఆగింది. పెళ్లి తొమ్మిది రోజుల్లో ఉంది. ఆ చీర అంచు చౌడమ్మ గీసింది.

ఓబులేసు కంప్యూటరు ఆన్ చేశాడు. అది ఏమీ అడగకుండా లినక్స్‌లోకి పోయింది. మస్తాన్‌కు ఫోన్ చేస్తే రేపు పొద్దున వస్తానన్నాడు. రేపటిదాకా ఆగడమా? పాత విండోస్‌ను మళ్లీ తెప్పించాలని ఓబులేసు తనే దాన్ని ఎక్కించే డిస్కు పెట్టి కూర్చున్నాడు. తెరమీద ఏదో ప్రశ్న వచ్చింది. చదవకుండానే అవునని నొక్కాడు. నిజంగానా అని అది మళ్లీ అడిగింది. మళ్లీ నొక్కాడు.

పొద్దున మస్తాన్ వచ్చి చాలాసేపు వెతికాడు. "పాతదానికి నిన్నటిదాకా ఏమీ కాలేదన్నా. అడగడం ఒక్కటే ఆగింది. నిన్న నువ్వే చెరిపేసినావు" అన్నాడు.

కబురు విని చౌడమ్మ బస్సెక్కి వచ్చింది. ఖాళీ తెరను చూస్తూ నిలబడింది.

"నన్నొక మాట అడిగింటే ఏం పోయేదప్పా?" అంది. "నీకు పది సెకన్లు మిగిల్నాయి. నాకు ఇరవై ఏండ్లు పోయినాయి."

ఆ అంచును మళ్లీ గీయడానికి ఆమె కూర్చుంది గానీ, పెళ్లిలోపు అయ్యే పని కాదది. సుంకన్న సగం చీరను మగ్గం మీదనుంచి కోసేశాడు. అతని కూతురు అంగట్లో కొన్న చీర కట్టుకొని పీటలమీద కూర్చుంది. ఓబులేసు పెళ్లికి వెళ్లాడు. అక్షింతలు పట్టుకొని అందరికంటే వెనక నిలబడ్డాడు, ముందుకు వెళ్లలేకపోయాడు.

నలుగురూ వాడుకునే చోట మనకు అక్కరలేని దారి ఇంకొకరికి బతుకుదారి కావచ్చు. ఆ దారిన నడిచేవాళ్లను అడగకుండా దాన్ని మూసెయ్యకూడదు.