బెల్మీరో ఎడమ కాలు

వాసుపల్లి యెర్రయ్య మాస్టారుకి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా అవుననీ చెప్పరు, కాదనీ చెప్పరు. తను చూసిన సంగతి ఒకటి చెప్పి, అది అయిపోగానే లేచి గ్రౌండులోకి వెళ్ళిపోతారు. అందులో జవాబుందో లేదో వెతుక్కోవడం అడిగినవాళ్ళ పని. విశాఖపట్నం హార్బరు పక్క కాలనీలో ఆయన దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకున్నవాళ్ళంతా దీనికి అలవాటు పడ్డారు. కొత్తగా వచ్చినవాళ్ళకి మాత్రం ఒళ్ళు మండుతుంది.

మైలపల్లి నూకరత్నం కొత్తది కాదు. ఎనిమిదేళ్ళుగా ఆయన శిష్యురాలు. పగలు బళ్ళో డ్రిల్లు టీచరు, సాయంత్రం కాలనీ ఆడవాళ్ళ జట్టులో గోలు ముందు నిలబడి కాచే బ్యాకు. కిందటి ఆదివారం జిల్లా ఫైనల్లో, ఇంకో నాలుగు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా, ఆమె కాలు తగిలి అవతలి జట్టు పిల్ల పడిపోయింది. పెనాల్టీ ఇచ్చారు, దాంతో కప్పు పోయింది. ఆ రోజు నుంచి రేవులో ఐసు దిమ్మలు కొట్టేవాళ్ళ దగ్గర్నుంచి ఆటో స్టాండు దాకా అందరి నోటా ఆ కాలు సంగతే.

బుధవారం ప్రాక్టీసుకి ఆమె గంట ముందే వచ్చింది. మాస్టారు బంతులకి గాలి కొడుతున్నారు.

“మాస్టారూ, నన్ను ముందు వరసలోకి మార్చండి,” అంది. “వెనకాల ఆడేవాళ్ళు వంద బంతులు ఆపినా ఎవరికీ గుర్తుండదు. ఒక్కటి పోతే ఊరంతా వేలెత్తి చూపిస్తుంది. అలాంటి చోట ఎందుకు నిలబడాలి?”

మాస్టారు పంపు పక్కన పెట్టారు. సిమెంటు మెట్టు మీద ఆమెకి చోటు చూపించి, బెల్మీరో సంగతి ఎత్తుకున్నారు.

వయసులో ఉన్నప్పుడు మాస్టారు సరుకుల ఓడలో ఫిట్టరుగా పనిచేసేవారు. ఒకసారి ఇంజను చెడిపోయి వాళ్ళ ఓడ పోర్చుగల్లో ఒక చిన్న రేవు పట్నంలో ఏడాదికి పైగా ఆగిపోయింది. మన కవ్వల్లాంటి చేపల్ని డబ్బాల్లో మూసి దేశదేశాలకి పంపే ఊరది. ఆ ఊరికో ఫుట్‌బాల్ క్లబ్బుంది. ఓడలో పని లేని రోజుల్లో మాస్టారు అక్కడికి పోయి ఆటగాళ్ళ బూట్లు కుట్టేవారు, తడిసిన జెర్సీలు ఆరేసేవారు. బెల్మీరోతో స్నేహం కుదిరింది అక్కడే. కాబట్టి ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు.

బెల్మీరో ఆ ఊరివాడే. తల్లి చేపల ఫ్యాక్టరీలో తలలు కోసే బల్ల దగ్గర పనిచేసేది. పదిహేడో ఏటనే ఊరి జట్టు జెర్సీ తొడుక్కున్నాడు. ఇరవై రెండో ఏట రాజధానిలోని పెద్ద క్లబ్బొకటి అతన్ని తీసుకుపోయింది. అక్కడ గడిపిన అయిదేళ్ళలో మూడేళ్ళు బెంచీ మీద కూర్చోవడంతోనే సరిపోయింది. తిరిగొచ్చి సొంత ఊరికే ఆడాడు. ఒకసారి నుదురు చిట్లితే గుడ్డ చుట్టుకుని రెండో సగమంతా ఆ తలతోనే బంతులు బయటికి కొట్టాడు. అతని గురించి ఊళ్ళో పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. బ్యాకు సరిగ్గా ఆడినన్నాళ్ళూ అతనొకడున్నాడని జనం మరిచిపోతారు.

అతనికి ముప్ఫై ఒకటో ఏడు నడుస్తుండగా ఆ ఆట వచ్చింది. అది సీజను ఆఖరి రోజు. సమానంగా ముగిస్తే చాలు, ఊరి జట్టు పై లీగులో నిలుస్తుంది. ఓడితే కింది లీగుకి పోతుంది. ఎనభై ఎనిమిదో నిమిషంలో ఎడమ వైపు నుంచి ఒక బంతి నేలకి జానెడెత్తున గోలు ముందుకి దూసుకొచ్చింది. బెల్మీరో వెనకాల అవతలి జట్టువాడొకడు కాచుకునున్నాడు. వదిలేస్తే వాడు కొట్టేస్తాడు. బెల్మీరో ఎడమ కాలు చాచాడు. బంతి ఆ బూటు అంచుకి తగిలి, వంకర తిరిగి, సొంత గోల్లోకే పోయింది. సెల్ఫ్ గోల్. ఇరవై ఏళ్ళుగా పై లీగులో ఆడుతున్న ఊరు ఆ సాయంత్రం కిందికి దిగిపోయింది.

తరవాత ఏం జరిగి ఉంటుందో నూకరత్నానికి చెప్పక్కర్లేదు. రొట్టెల దుకాణంలో అతను అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. ఫ్యాక్టరీలో అతని తల్లి పక్కన నిలబడే ఆడవాళ్ళు తమ కత్తులు తీసుకుని ఇంకో బల్లకి మారిపోయారు. ఎక్కడికైనా వెళ్ళి ఆడుకో నాయనా, ఇక్కడుంటే వీళ్ళు నిన్ను బతకనివ్వరని ఆ తల్లి బతిమాలింది. వేరే ఊళ్ళ క్లబ్బులు రెండు కబురు కూడా చేశాయి. బెల్మీరో వెళ్ళలేదు. ఎందుకు పోవని మాస్టారు అడిగితే, ఆ బంతికి కాలు అడ్డం పెట్టింది ఈ గ్రౌండులో, ఇంకో ఊరు పోతే ఈ సంగతి ఎవరితో తేల్చుకోవాలి అన్నాడు.

కొత్త సీజనులో మొదటి ఆట రోజున క్లబ్బు అధ్యక్షుడు ఒక ఏర్పాటు చేశాడు. ఆట మొదలయ్యే ముందు బెల్మీరో మైకులో ఊరికి క్షమాపణ చెప్పుకోవాలి. చెప్పుకుంటే జనం చల్లబడతారు. ఏం చెప్పాలో కాగితం మీద రాయించి మరీ ఇచ్చాడు. జనం కూర్చునే స్టాండు నిండుగా ఉంది. బెల్మీరో గ్రౌండు మధ్యకి నడిచి, కాగితం మడిచి నిక్కరు జేబులో పెట్టుకుని, మైకు అందుకున్నాడు. అందుకుని, ఆ రోజు ఆడబోయే పదకొండుమంది పేర్లూ వరసగా చదివాడు. గోల్‌కీపరు కింటీనో దగ్గర మొదలుపెట్టి నాలుగో నంబరు దగ్గరికి వచ్చేసరికి తన పేరు కూడా మిగతావాటిలాగే, అదే గొంతుతో, ఎక్కువా తక్కువా కాకుండా పలికాడు. మైకు బల్ల మీద పెట్టేసి తన చోటుకి పోయి నిలబడ్డాడు.

ఈలలు మొదలయ్యాయి. అక్కడ ఈల అంటే మెచ్చుకోలు కాదు, ఛీకొట్టడం. బంతి అతని కాలికి తగిలినప్పుడల్లా స్టాండంతా ఈల వేసింది. ఆ ఆదివారం, ఆ తరవాతి ఆదివారం, ఆపైన కూడా. కింటీనోకి అప్పుడు ఇరవై ఏళ్ళు. పాపం, మంచి మనసుతో, బంతి నీకు కాకుండా అవతలి పక్కకి విసరనా అని అడిగాడు. నాకే ఇయ్యి అన్నాడు బెల్మీరో.

ఇక్కడిదాకా వచ్చేసరికి నూకరత్నం, ఇదిగో ధైర్యమంటే ఇలా ఉండాలి అని చెప్పడానికే మాస్టారు ఇదంతా ఎత్తుకున్నారనుకుంది. లేవడానికి మోకాళ్ళ మీద చేతులు కూడా ఆనించింది. కాని మాస్టారు చెప్పదలచుకున్నది ఇంకా మొదలే కాలేదు.

నవంబరులో ఒక వానరోజు ఆట. ఎడమ వైపు నుంచి బంతి వచ్చింది, నేలకి జానెడెత్తున. అందుకోవాల్సింది బెల్మీరో. కాలు చాపాలి. చాపలేదు. రెప్పపాటులో సగం సేపు ఆ ఎడమ కాలు వెనక్కి ముడుచుకుంది. బంతి అతన్ని దాటి పోయింది. కింటీనో ఆలస్యంగా దూకాడు. గోల్ పడింది.

జనం కింటీనోని తిట్టారు. అది కీపరు పట్టాల్సిన బంతి కాదా అన్నారు. ఆ సీజనులో అప్పటిదాకా బెల్మీరో మీద ఎవరూ ఈల వేయని సాయంత్రం అదొక్కటే. గేటు దగ్గర ఒక ముసలాయన అతని భుజం కూడా తట్టాడు.

ఆట అయ్యాక, బట్టలు మార్చుకునే గదిలో మాస్టారు తడి జెర్సీలు పిండుతున్నారు. కింటీనో గోడకేసి తిరిగి కూర్చున్నాడు. బెల్మీరో ఒక బూటు విప్పాడు. రెండోది విప్పబోయి ఆగిపోయాడు. లేచి నిలబడ్డాడు.

“ఆ గోల్ కింటీనోది కాదు, నాది,” అన్నాడు. “కాలు పెట్టాల్సిన చోట పెట్టలేదు. భయపడ్డాను.”

ఎవరూ నిన్ననలేదు కదా, ఊరుకో అన్నాడు కోచ్. బెల్మీరో ఊరుకోలేదు. ఒక కాలికి బూటు, ఒక కాలికి తడి మేజోడుతో అలాగే బయటికి నడిచాడు. వసారాలో ఊరి రేడియో మనిషి నిలబడి ఉంటే, అతని మైకు ముందుకి వెళ్ళి, గదిలో చెప్పిన ముక్కలే మళ్ళీ చెప్పాడు. ఆగస్టులో క్షమాపణ చెప్పమని వెంటపడిన అధ్యక్షుడే ఇప్పుడు పరుగెత్తుకొచ్చి, నోరు మూసుకోమని అతని చెయ్యి పట్టుకు లాగాడు. బెల్మీరో ఆ చెయ్యి విడిపించుకుని చెప్పడం పూర్తి చేశాడు.

ఊరికి ఇది బొత్తిగా అర్థం కాలేదు. ఊరిని ముంచిన గోల్‌కి ఒక్క మాట ఒప్పుకోని మనిషి, ఎవరూ పట్టించుకోని గోల్‌ని తనంతట తాను నెత్తికెత్తుకోవడం ఏమిటి? పొగరన్నారు కొందరు, మతి చెడిందన్నారు కొందరు. వచ్చే ఆదివారానికి ఈలలు రెట్టింపయ్యాయి. మాస్టారుతో మాత్రం బెల్మీరో ఒకసారి అన్నాడు, ఈలలు వినబడుతున్నంతసేపూ తనకి నిద్ర బాగానే పట్టిందనీ, భుజం తట్టించుకున్న రోజు నుంచే పట్టడం లేదనీ.

ఆ చలికాలమంతా ప్రాక్టీసు అయ్యాక కూడా అతను గ్రౌండులోనే ఉండేవాడు. కింటీనో ఎడమ వైపు నిలబడి జానెడెత్తు బంతులు కొడితే, బెల్మీరో ఎడమ కాలు చాచేవాడు. కొన్ని బయటికి పోయేవి. కొన్ని సొంత గోల్లోకే పోయేవి. కంచె అవతల నిలబడ్డవాళ్ళు లోపలికి పోయినవి లెక్కపెట్టి నవ్వేవారు. ఇద్దరూ ఆ నవ్వుల మధ్యనే చీకటి పడేదాకా ఆడేవారు.

మే నెల. మళ్ళీ ఆఖరి ఆట. గెలిస్తే ఊరి జట్టు తిరిగి పైకి పోతుంది. ఒక గోల్ ముందున్నారు, ఇంకో మూడు నిమిషాలు. ఎడమ వైపు నుంచి బంతి వచ్చింది. స్టాండులో అందరికీ అది ఏ బంతో తెలుసు. వదిలెయ్, వదిలెయ్ అని వేలమంది ఒక్క గొంతుతో అరిచారు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళూ అరిచారు. ఆ ఏడాదిలో మొదటిసారి ఆట చూడ్డానికి వచ్చిన తల్లి రెండు చేతులతో మొహం కప్పుకుంది. గోల్లో నిలబడ్డ కింటీనో మాత్రం నోరు మెదపలేదు.

బెల్మీరో ఎడమ కాలు చాచాడు.

బంతి బూటుకి తగిలి పైకి లేచింది. గోల్ పై కడ్డీని గీసుకుంటూ వెనక్కి పోయింది. కార్నర్. అంతే. స్టాండులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అలాగని ఈల కూడా వేయలేదు. మూల నుంచి వచ్చిన ఆ కార్నర్ బంతిని తలతో బయటికి కొట్టిందీ అతనే. ఆట ముగిసింది. జనం కంచె దూకి వచ్చి, గోల్ కొట్టిన కుర్రవాణ్ణి భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. బెల్మీరో గడ్డి మీద కూర్చుని చీలమండ కట్టు విప్పుకుంటున్నాడు. కింటీనో వచ్చి పక్కన కూర్చున్నాడు.

అతను ఇంకో అయిదేళ్ళు ఆ జట్టుకే ఆడి, ముప్ఫై ఏడో ఏట మానేశాడని మాస్టారుకి తరవాత ఉత్తరంలో తెలిసింది.

మాస్టారు చెప్పడం ఆపారు. నూకరత్నం గోలు వైపు చూసింది. మిగతా ఆటగాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు.

“మాస్టారూ, ఆ ఆఖరి బంతి కూడా లోపలికే పోయుంటే?” అని అడిగింది.

మాస్టారు లేచి నిలబడి పంచె దులుపుకున్నారు.

“పోయుంటే గోల్ అయ్యేదమ్మా,” అన్నారు. “కాలు మాత్రం అక్కడ ఉండేది.”