తడిసిన గడ్డం

ఇప్పచెట్ల అడవి అంచున మేకలమంద ఒకటి ఉండేది. మందను నడిపే ముసలి మేక పెద్దక్క మెడలో ఇత్తడి గంట. మోకాళ్లు అరిగిపోయి, "ఈ ఎండలు పోయాక గంట చుక్కడికో, గౌరడికో ఇస్తా" అంది.

ఇద్దరూ ఒక ఈడు పోతులే. గౌరడు చెట్టెక్కితే ఆడమేకలు వాణ్ని చూసేవి. చుక్కడెక్కితే ఆకులేమైనా రాలతాయా అని చూసేవి. అదీ చుక్కడి ఏడుపు.

"మొహం వేలాడేశావేం అల్లుడూ?" అంది నక్క.

"నాకు లేనిది వాడికేముంది మామా?"

"రాతిగుంట ఉంది. ఇప్పపూలు రాలి, నీళ్లు పులిసి ఉన్నాయి. గుక్కెడు పడితే గుండె రాయి! మీ ఈడువాళ్లంతా తాగుతున్నారు. నీకింకా పాలవాసన పోలేదు."

"గౌరడు తాగడు."

"తెల్లారి వాడి గడ్డం చూడు."

తెల్లారింది. గౌరడి గడ్డం తడి. గుప్పున పులుపు వాసన. సున్నంరాయి మీద నీళ్లు పోసినట్టు ఉడికిపోయాడు చుక్కడు. నేరుగా గుంట దగ్గరికి పోయాడు.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఆ నీళ్లలో ఆ రుచీ లేదు. గొంతు మండింది. ఉమ్మేయబోయాడు.

"గౌరడు మొహమైనా చిట్లించలేదు సుమా" అంది నక్క.

అంతే, కడుపు నిండా తాగాడు. కాళ్లు ఎనిమిదయ్యాయి. కొండ పక్కకు ఒరిగింది. "పులి ఎక్కడ? రమ్మను!" అని అరిచాడు.

"పులెందుకు, నేను చాలనూ" అని నక్క వాడి చెవి పట్టేసింది.

ఆ అరుపుకు పెద్దక్క వచ్చి కొమ్ములు దించి ఒక్క పోటు పొడిచింది. నక్క ఆ గుంటలోనే పడి, తడిసిన తోకతో పారిపోయింది. సగం చెవి మాత్రం దాని నోట్లోనే పోయింది.

గౌరడు పరుగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, నువ్వు రోజూ తాగుతున్నావని చెప్పిందిరా నక్క! నీకు తీసిపోతానా అని గడ్డం ముంచుకొచ్చా. గుక్క కూడా మింగలేదు."

"నేను మింగానురా, నీ గడ్డం చూసి."

ఇద్దరూ పెద్దక్క మెడకేసి చూశారు.

"తాగినవాడొకడు, తాగినట్టు తిరిగినవాడొకడు. మీ వెనక నడిస్తే మంద నక్క ఇంటికే చేరుతుంది" అని పెద్దక్క అరిగిన మోకాళ్లతో తనే ముందు నడిచింది. గంట ఆ మెడలోనే మోగింది.

పక్కవాడి మీద కుళ్లుతో తాగిన గుక్క కాల్చేది తాగినవాడి గొంతునే.